రెండు వేళ్ల పల్లం

చలికాలంలో గోల్ఫ్ మైదానాన్ని ఏడు వారాలు మూసేస్తారు. ఆడేవాళ్లకి అది సెలవు. దాన్ని ఆడేలా ఉంచేవాళ్లకి అసలు పని అప్పుడే మొదలు. కోత యంత్రాల బ్లేడ్లు విప్పి సానపట్టాలి. నీళ్లు గడ్డకట్టి పగలకుండా పైపులన్నీ ఖాళీ చెయ్యాలి. బంకర్లనే ఇసుక గుంటల్లో పాత ఇసుక తోడి కొత్తది పొయ్యాలి. బెంచీలకి వార్నిష్, కాలవ మీద చెక్క వంతెనకి కొత్త పలకలు, పద్దెనిమిది జెండా కర్రలకి రంగు. ఏడాదంతా పెళ్లికూతురిలా ఉండే నేల ఈ ఏడు వారాలూ తల దువ్వుకోకుండా, నగలు తీసేసి, ఇంట్లో మనిషిలా కనిపిస్తుంది. చిన్న మేస్త్రికి అది అలా ఉన్నప్పుడే ఇష్టం.

అతనికి ముప్పై నాలుగేళ్లు. అయినా చిన్న మేస్త్రే. పెద్ద మేస్త్రి అతని తండ్రి. నలభై ఏళ్లు ఆ మైదానాన్ని చూసుకుని, ఆకులు రాలడం మొదలైన నెలలో పోయాడు. ఆయన రబ్బరు బూట్లు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. కొడుకు పాదానికి సరిగ్గా సరిపోతాయి. ఆ సంగతి తల్లికీ తెలుసు, కొడుక్కీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. తండ్రి ఉద్యోగం మాత్రం కొడుక్కి 'తాత్కాలికంగా' ఇచ్చారు. చలికాలం పనులు చూసి, కమిటీకి నచ్చితే ఖాయం చేస్తారు.

కమిటీ అంటే జడ్జిగారే. ఆయన రిటైరై తొమ్మిదేళ్లయింది గానీ తీర్పులు చెప్పడం మానలేదు. పనుల జాబితా ఆయనే స్వయంగా రాసి గోడకి అంటించాడు. అందులో తొమ్మిదో అంశం ఇలా ఉంది: "ఏడవ గ్రీన్ క్రింద పాడైన మురుగు పైపును మార్చవలెను. అయితే గ్రీన్‌లోని చారిత్రక పల్లమునకు ఎట్టి మార్పూ జరుగరాదు."

గ్రీన్ అంటే బంతిని చివరికి గుంతలోకి దొర్లించే చోటు. గడ్డిని చాప పరిచినట్టు కత్తిరించి ఉంచుతారు. ఏడో గ్రీన్‌లో గుంతకి కుడిపక్కగా, రెండు వేళ్ల లోతున చిన్న పల్లం ఉంది. చూస్తే కనిపించదు. బంతికి మాత్రం తెలుస్తుంది. తిన్నగా వెళ్తున్న బంతి అక్కడికి రాగానే ఎవరో పిలిచినట్టు కుడికి తిరుగుతుంది. ఏడేళ్ల కిందట కప్పు పోటీలో జడ్జిగారి బంతి కూడా అలాగే తిరిగింది. ఒక్క దెబ్బ తేడాతో కప్పు పోయింది. ఆ ఏడాదే ఆయన మైదానం చరిత్ర అని చిన్న పుస్తకం వేయించాడు. అందులో మూడు పేజీలు ఆ పల్లం గురించే. ఆటగాడి అహంకారాన్ని పరీక్షించడానికి ఈ మైదానాన్ని గీసిన మహా డిజైనర్ రెండు వేళ్ల లోతున దాచిన రహస్యం అని రాశాడు. మేధావి చేతిలో ఓడితే మర్యాదే. మట్టి సరిగ్గా పూడ్చకపోతే ఓడామంటే ఏం మర్యాద?

ఆ పల్లం ఎవరిదో చిన్న మేస్త్రికి తెలుసు. తండ్రి పోవడానికి రెండు రోజుల ముందు మంచం మీద నుంచి చెప్పాడు.

"ఏడోదాంట్లో పల్లం నా తప్పురా. నువ్వు పుట్టిన రోజు. పైపు అతుకు దగ్గర గొయ్యి తీశాం, సాయంత్రానికి పూడుస్తున్నా. జానెడు మట్టి, దిమ్మిస. జానెడు మట్టి, దిమ్మిస. సగంలో ఉండగా మీ అమ్మకి నొప్పులని కబురొచ్చింది. దిమ్మిస అక్కడే పడేసి పరుగెత్తా. తెల్లారి వెళ్లేసరికి మిగతావాళ్లు పైన ఏదో పోసి గడ్డి పరిచేశారు. వానలకి కుంగింది. నువ్వన్నా సరిచెయ్యి."

"చేస్తా నాన్నా."

"చదునుగా."

"చదునుగానే చేస్తా."

తల్లి మందు గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా వింది. లోపలికొచ్చి మందు తాగించి వెళ్లిపోయింది. కానీ జాబితా గోడకెక్కిన రోజు, కొడుకు అన్నం ముందు కూర్చోగానే మొదలుపెట్టింది.

"ఏడోది తవ్వుతున్నారటగా?"

"నీకెవరు చెప్పారు?"

"మా తమ్ముడికి నోరు లేదా, నాకు చెవులు లేవా? దాన్ని ముట్టుకోకురా."

"పైపు మార్చాలమ్మా. నాన్నకి మాటిచ్చాను కూడా."

"పైపు ఇంకో పక్కనుంచి వేసుకోండి. నాన్నకి మాటిచ్చావు, సరే, అమ్మ మాట వినవా? మీ నాన్న జన్మలో సగంలో వదిలేసిన పని అదొక్కటే. దాన్నలా ఉండనీ."

ఆవిడ తమ్ముడు, అంటే చిన్న మేస్త్రి మేనమామ, మైదానంలోనే వడ్రంగి. వంతెన పలకలూ బెంచీలూ ఆయనవే. సంగతి విని ఉలి పక్కన పెట్టాడు.

"ఇందులో ఆలోచించడానికేముంది అల్లుడూ? ఉంచమన్నవాళ్లు ఇద్దరు. తీసెయ్యమన్నది ఒక్కడు, ఆయనా పోయాడు. మా బావ లేచొచ్చి కన్నెర్ర చెయ్యడు. జడ్జి చేస్తాడు. మా అక్కయితే కన్నెర్ర చెయ్యదు, అన్నం చల్లార్చి పెడుతుంది. ఏది ఘోరమో నువ్వే చూసుకో."

"పోయినాయనకి ఇచ్చిన మాట కదా మామయ్యా. వెనక్కి తీసుకోడానికి ఆయన లేడు."

మామ ఉలి మళ్లీ తీసుకున్నాడు.

తవ్వే ముందు పల్లం కొలత తీసి ఉంచాలని జడ్జిగారి ఆజ్ఞ. మామ బారెడు పొడుగు పలకని పల్లం మీద అడ్డంగా పెట్టి, నడుమ చిల్లున్న ఇనప వాషర్‌లో పెన్సిల్ మొన దూర్చి, దాన్ని నేల వెంట మెల్లగా దొర్లించాడు. నేల ఒంపు పలక మీద గీతగా పడింది. గీత వెంట రంపం నడిపితే పలకకి ఒక అంచు చేప పొట్టలా వచ్చింది. ఆ పొట్ట పల్లంలో సరిగ్గా కూర్చుంటుంది. రెండో అంచు మామూలు తిన్నని అంచు. పని పూర్తయ్యాక ఈ పలక పెట్టి చూస్తే చాలు, పల్లం మారిందో లేదో తెలిసిపోతుంది.

"ఇది సాక్ష్యం. దీని మీద నా సంతకం ఉండాలి" అన్నాడు జడ్జిగారు. పలకని బల్ల మీద నిలబెట్టబోతే, పొట్ట మీద ఉయ్యాలలా ఊగింది. ఆయన విసుక్కుని తిరగేసి, తిన్నని అంచు మీద నిలబెట్టి, చక్కగా సంతకం చేసి తేదీ వేశాడు. "ఇది నా గదిలో ఉంటుంది. తనిఖీ రోజున నేనే తెస్తాను."

అంటే ఇక దాచడానికేమీ లేదు. పల్లం చదును చేస్తే పలక ఊగుతుంది. పలక ఊగితే ఉద్యోగం ఊడుతుంది. ఇంతకంటే తేలిక లెక్క చిన్న మేస్త్రి బడిలో కూడా చెయ్యలేదు.

మర్నాడు తవ్వకం మొదలైంది. పొద్దున్నే మొదలుపెట్టడానికి లేదు. మంచు పట్టిన గడ్డి మీద అడుగు వేస్తే అడుగు మేరా గడ్డి నల్లబడి చస్తుంది. అందుకని ఎండ వచ్చి, గడ్డి తడిగా మెరిసేదాకా అందరూ ఒడ్డున చేతులు రుద్దుకుంటూ నిలబడతారు. తర్వాత గడ్డిని పార వెడల్పున కోసి, చాపల్లా చుట్టి, ఏ చుట్ట ఎక్కడిదో తెలిసేలా సుద్దతో అంకెలు వేసిన చెక్కల మీద వరసగా పెట్టారు. కిందికి దిగింది మామా అల్లుడూ ఇద్దరే.

పెద్ద మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. గొయ్యి పూడ్చేటప్పుడు జానెడు మట్టి పోసి, దిమ్మిసతో గట్టిపడేదాకా కొట్టి, ఆ వరస పూర్తయిందని గుర్తుకి పిడికెడు ఇటుక పొడి చల్లేవాడు. ఎర్ర పొడి పడిందంటే ఆ వరస దిమ్మిస పూర్తిగా తిన్నదన్నమాట. పూర్తికాని వరస మీద ఆయన పొడి చల్లగా చూసినవాడు లేడు.

చిన్న మేస్త్రి గోతి గోడని పారతో నున్నగా చెక్కాడు. మట్టిలో ఎర్ర గీతలు కనిపించాయి. కింద నుంచి లెక్కపెట్టాడు. మూడు, నాలుగు. సగం దగ్గర ఆగాలి. ఆగలేదు. ఐదు, ఆరు, ఏడు. ఏడో గీత గడ్డి వేళ్లకి బెత్తెడు కిందే ఉంది. గోతి నిండా గీతలే. పైనా కిందా ఒకటే గట్టి, గునపం దిగడానికి బలం కావాలి. కాకపోతే ఏడు గీతలూ నడుమ కిందికి వంగి ఉన్నాయి, తడిబట్టలు ఆరేసిన తాడులాగా.

అడుగున పాత పైపు తీసి, దాని కింద గునపం వేస్తే, గునపం జర్రున దిగిపోయింది. చెయ్యి పెడితే పుచ్చిన చెక్క పిడికిట్లోకి వచ్చింది. పెద్ద చెట్టు మొద్దు. మైదానం కట్టినప్పుడు దాన్ని పెకలించడం ఎందుకని మట్టి కప్పేశారు మహా డిజైనర్ మనుషులు. అది ఏళ్ల తరబడి పుచ్చి, కుంగి, పైనున్న పెద్ద మేస్త్రి పనంతటినీ ముక్క చెదరకుండా కిందికి దించుకుంది.

"ఏడు గీతలు మామయ్యా" అన్నాడు చిన్న మేస్త్రి.

"చూశా."

"సగంలో వదిలేశానన్నాడు."

మామ గోతి ఒడ్డుకి ఆనుకున్నాడు.

"నువ్వు పుట్టాక రెండు గంటలకి వచ్చాడ్రా మీ నాన్న. నాకప్పుడు పదిహేనేళ్లు, అక్కడే ఉన్నా. మా అక్క మొహం గోడవైపు తిప్పేసుకుంది. ఈయన గుమ్మంలో నిలబడి, 'పని సగంలో పడేసి పరుగెత్తుకొచ్చానే, దారిలో బండి దొరకలేదు' అన్నాడు. అప్పుడు తిరిగింది మా అక్క ఇటు." మామ తల గోక్కున్నాడు. "పని ముగించుకునే వచ్చాడన్నమాట. ఎంత గుండెరా మా బావకి!"

చిన్న మేస్త్రి ఎర్ర గీతల వైపే చూస్తున్నాడు. తండ్రి అబద్ధం చెప్పాడు. సరే. మూడు నెలలకి వానలొచ్చి నేల కుంగింది, చెప్పిన అబద్ధానికి సాక్ష్యం చెప్పడానికే అన్నట్టు. ఇక ఆయన నోరెత్తడానికి లేదు. పని పూర్తిగానే చేశానని మైదానంలో అంటే ఇంట్లో దొరికిపోతాడు. అందుకని, జన్మలో చెయ్యని చెత్త పనిని ముప్పై నాలుగేళ్లు తనదేనని మోశాడు. తోటి పనివాళ్లు 'మేస్త్రి కుంగిన గ్రీన్' అని వెక్కిరించినా నవ్వి ఊరుకునేవాడు. చివరికి మంచం మీద కూడా, గుమ్మంలో భార్య నిలబడి ఉందని, అదే మాట మళ్లీ చెప్పాడు.

"అమ్మకి చెప్పకు మామయ్యా."

"నాకేం పనిరా? నేను వడ్రంగిని. మట్టిలో ఏముందో నాకేం తెలుసు?"

మొద్దు నాలుగు గంపల పొట్టుగా బయటికొచ్చింది. కొత్త పైపు వేశారు. కింద రాళ్లు, పైన మట్టి. చిన్న మేస్త్రి తండ్రి దిమ్మిస తెచ్చుకున్నాడు. దాని కర్ర మీద రెండుచోట్ల అరచేతులు పట్టిన మేర అరిగి నునుపు తేలింది. అతని చేతులు వాటంతటవే ఆ చోట్లకి వెళ్లాయి. జానెడు మట్టి, దిమ్మిస, పిడికెడు ఎర్ర పొడి. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రెండు రోజులు పట్టింది.

చివరి వరసకి వచ్చేసరికి నడుమ రెండు వేళ్లు తగ్గించాలి. మామ ఒడ్డున నిలబడి చూస్తున్నాడు. దిమ్మిస నడుమకి వచ్చింది, ఆగకుండా అవతలి ఒడ్డుకి వెళ్లింది, మళ్లీ వచ్చింది.

"అల్లుడూ, నడుమ ఎక్కువైంది."

"ఎక్కువ కాలేదు. సమానమైంది."

"ఉద్యోగం రా."

"తెలుసు."

"పెళ్లాం పిల్లలు లేరనా ఆ ధీమా? ఉద్యోగం కూడా లేకపోతే ఇక ఎవరూ పిల్లనివ్వరు."

"ఆ ఇటుక పొడి ఇటివ్వు మామయ్యా."

ఇచ్చాడు. చదునైన నేల మీద ఎనిమిదో ఎర్ర గీత పడింది. అంకెల వరసన గడ్డి చుట్టలు విప్పి పరిచారు.

తర్వాత మూడు వారాలు చిన్న మేస్త్రి మిగిలిన పనులన్నీ చేశాడు. బంకర్లలో ఇసుక నిండింది, జెండా కర్రలు మెరిశాయి, గడ్డి వేళ్లు పట్టుకుంది. గోడ మీది జాబితాలో ఒక్కొక్క అంశం కొట్టేస్తూ వచ్చాడు. తొమ్మిదో అంశం దగ్గర పెన్సిల్ ఆగేది. కొట్టేస్తే అబద్ధం, కొట్టెయ్యకపోతే నేరం ఒప్పుకున్నట్టు. ఇంట్లో తల్లి అడగలేదు. అడగకపోవడమే కష్టంగా ఉంది.

తనిఖీ రోజున ఆవిడ తమ్ముడి వెంట గేటు దగ్గర ప్రత్యక్షమైంది. నలభై ఏళ్లలో ఆ గేటు దాటింది లేదు. "ఒకసారి చూసిపోతాను" అంది, ఎవరూ అడగకముందే. చేతిలో మాత్ర వేసుకోడానికి తెచ్చుకున్న నీళ్ల సీసా ఉంది.

జడ్జిగారు పలక చంకన పెట్టుకుని వచ్చాడు. పెద్ద మేస్త్రి భార్య అని తెలిసి నమస్కారం పెట్టి, ఆవిడకి రెండు నిమిషాలు డిజైనర్ గొప్పతనం వివరించాడు. ఆవిడ వింది. ముందే చెప్పేస్తే నయమనిపించింది చిన్న మేస్త్రికి.

"అయ్యా, తొమ్మిదో అంశం గురించి ఒక మాట..."

"మాటలు కాదు. సాక్ష్యం." జడ్జిగారు వంగి, పలక మీద తన సంతకం చూసుకున్నాడు. అది తలకిందులుగా ఉంది. ఆయన పలకని తిప్పి, సంతకం తిన్నగా చదవడానికి వీలుగా పట్టుకుని, గ్రీన్ మీద దించాడు.

తిన్నని అంచు చదునైన గడ్డి మీద కూర్చుంది. వెంట్రుక దూరే సందు లేదు. చేప పొట్ట ఆకాశం వైపు ఉబ్బి ఉంది.

"అద్భుతం!" అన్నాడు జడ్జిగారు.

చిన్న మేస్త్రి నోరు తెరిచాడు. మామ ముందుకొచ్చి అతని కాలు మీద కాలు వేశాడు, బరువంతా ఆన్చి.

"వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు జడ్జిగారు, పలకని రెండు చేతులతో నొక్కి చూస్తూ. "ఊగడం లేదు, చూడండి. ఆ రోజు బల్ల మీద ఎలా నిలబడిందో అలాగే నిలబడింది."

"ఆ బల్ల చేసింది కూడా నేనేనండి" అన్నాడు మామ వినయంగా.

జడ్జిగారు బంతి తెప్పించి, కర్ర తీసుకుని, పల్లం లాగుతుందని గుంతకి బాగా ఎడమగా గురిపెట్టి కొట్టాడు. బంతి ఎటు కొట్టాడో అటే తిన్నగా పోయి, గుంతకి జానెడు ఎడమగా ఆగింది.

"లాగేసింది!" అన్నాడు సంతోషంగా.

"ఇదివరకు కుడికి లాగేదేమోనండి" అన్నాడు మామ. ఈసారి కాలు వెయ్యడం చిన్న మేస్త్రి వంతయింది.

"చలికి నేల బిగుసుకుంటుంది, గుణం మారుతుంది. డిజైనర్ అంతవరకూ ఆలోచించాడు." ఆయన జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి ఆ ముక్క రాసుకుంటూ దూరంగా నడిచాడు. మామ బంతి తేవడానికి వెళ్లాడు.

తల్లి గ్రీన్ అంచున గొంతుక్కూర్చుంది. గడ్డి మీద చెయ్యి ఆన్చి నిమిరింది. తర్వాత సీసా మూత తీసి, మిగిలిన నీళ్లు నెమ్మదిగా ఒంపింది. నీళ్లు ఎటూ పరిగెత్తలేదు. అన్ని వైపులకీ కాస్త కాస్త పాకి, ఎటు వెళ్లాలో తోచనట్టు నిలబడి, అక్కడే ఇంకిపోయాయి.

"నీరు పల్లమెరుగునంటారు" అంది. "వీటికేమీ తెలియడం లేదేంట్రా?"

కొడుకు ఆవిడ పక్కన కూర్చున్నాడు. "నాన్నకి మాటిచ్చానమ్మా."

"గీతలు చూశావా?"

"ఏ గీతలు?"

"ఒరేయ్, ఆయనకే అబద్ధం సరిగ్గా రాలేదు, నీకేం వస్తుంది? ఆ రోజు నువ్వు పక్కన ఏడుస్తుంటే ఆయన చేతులు పట్టుకుని చూశాను. అరచేతుల్లో బొబ్బలు. గోళ్ల సందుల్లో ఇటుక పొడి. పని ముగిశాకే కదా ఆయన పొడి చల్లేది?"

"తెలిసే ఊరుకున్నావా? ఇన్నేళ్లూ?"

"మరేం చెయ్యమంటావ్? జన్మకి ఒక్క అబద్ధం ఆడాడు. అదీ నాకోసం. దాన్ని కూడా పట్టుకుని ఉతికి ఆరెయ్యనా?"

"మరి ముట్టుకోవద్దన్నావు."

"తవ్వితే నీకు తెలిసిపోతుందని. కొడుకు ముందు ఆయన మాట పోతుందని." ఆవిడ సీసాకి మూత బిగించింది. "తప్పు చెయ్యలేదని ఆయనకి నేనొక్క ముక్క చెప్పి ఉంటే, ఇన్నేళ్లు మోసేవాడు కాదు కదరా."

"తప్పో కాదో నీకు మాత్రం ఎలా తెలుస్తుందమ్మా? మొద్దు కింద ఉంది."

"మొద్దేంటి?"

చెప్పాడు. ఆవిడ విని, తల పంకించి, లేవడానికి చెయ్యి చాపింది. అతను అందుకున్నాడు.

జడ్జిగారు తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "రేపటి నుంచి నువ్వే మేస్త్రివి. కాగితం పంపిస్తాను." తర్వాత ఆవిడ వైపు తిరిగాడు. "చూశారా అమ్మా, మా పల్లం?"

"చూశానండీ" అంది ఆవిడ. "మా ఆయన ఆ రోజు ఎలా వదిలి వచ్చారో, అలాగే ఉంది."

జడ్జిగారు ఆ మాట కూడా రాసుకున్నాడు.